గేదె దూడలకు పొడి పాలు: తగరపువలస పాకలో ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, మొదలుపెట్టే ముందు

మాకు గ్రేడెడ్ ముర్రా గేదెలు మూడు, జెర్సీ క్రాస్ ఆవు ఒకటి. గేదె పాలు మా ఆయన బండి మీద విశాఖ మధురవాడ అపార్ట్‌మెంట్లకు వేస్తారు, లీటరు ₹80. ఆవు పాలు ఊళ్లో పాల కేంద్రానికి పోస్తాం. అక్కడ వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక మిగతా ఘనపదార్థాలు) చూసి లీటరుకు ₹38 దగ్గర కడుతున్నారు.

గేదె దూడ మూడు నెలల్లో తక్కువలో తక్కువ మూడొందల లీటర్లు తాగుతుంది. అంటే మా రేటులో ₹24,000. చాలా పాకల్లో దున్న దూడలు నెల తిరక్కుండానే పోతున్నాయంటే దానికి రోగాలొక్కటే కారణం కాదు. ఈ లెక్క ప్రతి ఇంట్లోనూ వేసుకుంటారు, పైకి ఎవరూ అనరు. పొదుగులో చివర మిగిలిన చుక్కలు దూడకు వదిలి, పైన కాస్త కుడితి పోసి సరిపెట్టేస్తారు.

దూడను మాడ్చకుండా పాలు అమ్ముకునే దారి ఉందా అని ఈసారి మిల్క్ రీప్లేసర్, అంటే దూడల పొడి పాలు, పట్టి చూద్దామనుకున్నాం. గేదెలు మామూలుగా ఈనేది ఈ నెలల్లోనే, మావీ వరసగా చూడి మీద ఉన్నాయి. విన్న వెంటనే మా అత్తయ్య ఒకటే మాటంది: "ఏటమ్మా, తల్లి పొదుగు నిండుగా ఉండగా దూడకి పొడి కలపడమేటి?" ఈ డైరీ సగం ఆవిడకు జవాబు చెప్పడానికే రాస్తున్నాను.

బస్తా కొనడం

కొట్టులో రెండు రకాలు చూపించారు. కిలోకు అరవై రూపాయలు తేడా. ప్రొటీన్ రెండింటిలోనూ 22 శాతమే. తేడా ఎక్కడుందో పీచు శాతం దగ్గర తెలిసింది. పాల నుంచి వచ్చిన పదార్థంలో పీచు ఉండదు. పొడిలో పీచు కనబడిందంటే ప్రొటీన్‌లో కొంత సోయా నుంచో మరో గింజ నుంచో వచ్చిందన్నమాట. మూడు వారాలు దాటని దూడకు సోయా పిండి సరిగా అరగదు. ఆ ప్రొటీన్ లేబుల్ మీద ఉంటుంది గానీ దూడ ఒంటికి పట్టదు. చవక బస్తాలో పీచు ఎక్కువగా రాసి ఉంది, వదిలేశాను. తెచ్చినదాంట్లో ప్రొటీన్ 22, కొవ్వు 16, ఎక్కువ భాగం వే పౌడర్ (పాలు విరిచాక మిగిలే నీటి పొడి), వెన్న తీసిన పాల పొడి. కిలో ₹230, 25 కిలోల బస్తా ₹5,750.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని బస్తా విప్పి, బిగుతు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి సర్దడం. మాది సముద్రం గాలి. ఉప్పు డబ్బాలోనే నీరు ఊరే ఊళ్లో పాల పొడి సంచి మూతి ముడి వేసి ఉంచితే వారంలో గడ్డ కడుతుంది. గడ్డ కట్టినది సరిగా కలవదు, కొవ్వు చెడి ముక్కిన వాసన కూడా వస్తుంది.

ఆగస్టు మూడో వారం: గౌరి ఈనింది

గౌరిది తొలి ఈత. పెయ్య దూడ పుట్టింది. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూసి, ఒళ్లు తుడిచి, గంటలోపే జున్ను పాలు పట్టాం.

మా వైపు పాత అలవాటు ఒకటుంది, మాయ, అంటే ఈనాక బయటికొచ్చే పొర, పడేదాకా దూడకు పాలివ్వరు. మాయ పడటానికి ఆరేడు గంటలు పట్టొచ్చు, అంతకంటే ఎక్కువా పట్టొచ్చు. గేదెకైనా ఆవుకైనా కడుపులో ఉండగా తల్లి నుంచి దూడకు రోగనిరోధక శక్తి అందదు, అదంతా జున్ను పాలలోనే వస్తుంది. దూడ పేగు దాన్ని నేరుగా రక్తంలోకి తీసుకునేది మొదటి రోజే. గంట గంటకూ ఆ శక్తి తగ్గుతూ 24 గంటలకు దాదాపు మూసుకుపోతుంది. అందుకే దూడ బరువులో పదో వంతు జున్ను పాలు మొదటి రోజే లోపలికి వెళ్లాలి. మా పెయ్యకు మూడు లీటర్లు, రెండు పూటలుగా పట్టాం. ఎంత ఖరీదు పెట్టి కొన్న పొడైనా ఈ పని చెయ్యదు. పాలను పొడితో మార్చొచ్చు, జున్ను పాలను మార్చలేం.

వీధిలో జున్ను కోసం ఎదురుచూసే ఇళ్లకు రెండో రోజు నుంచి పంపాం. ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. మొదటి పూట జున్నే గట్టిగా పేరుకుంటుందట. నిజమే, దూడకు కావలసిందంతా అందులో ఉంది కాబట్టే అంత గట్టిగా ఉంటుంది.

వేలు చప్పరింపు

తొలి ఈత గేదె కాబట్టి దూడను మొదటి నుంచీ వేరుగా కట్టాం. తల్లికి దూడ వాసన అలవాటు కాకముందే ఇది జరగాలి. మొదటి రెండు వారాలు తల్లి పాలే పిండి పట్టాం.

బకెట్‌లో తాగడం నేర్పడం నా వంతు. చెయ్యి శుభ్రంగా కడుక్కుని, రెండు వేళ్లు దూడ నోట్లో పెడితే చప్పరిస్తుంది. అలాగే మెల్లిగా చేతిని పాలలోకి దించాలి. వేళ్ల సందుల్లోంచి పాలు వెళ్తుంటే దానికి అర్థమవుతుంది. మొదట్లో ముక్కు ముంచేసి తుమ్మి నా మొహమంతా పాలు చేసేది. రబ్బరు చన్ను బిగించిన బకెట్ కూడా తెచ్చాం. అదే మేలనిపించింది. చప్పరిస్తూ తాగినప్పుడు అన్నవాహిక చివర ఉన్న గాడి ముడుచుకుని గొట్టంలా అవుతుంది, పశువుకు నాలుగు పొట్టలు కదా, పాలు మొదటి పొట్టలో పడకుండా నేరుగా నాలుగో పొట్టలోకి వెళ్తాయి. మొదటి పొట్టలో పడితే అక్కడ పులిసి ఉబ్బరం, పారుడు (విరేచనాలు) వస్తాయి. గబగబా అయిపోతాయని రబ్బరు చన్ను రంధ్రం పెద్దది చేసేవాళ్లను చూశాను. అలా చేస్తే చన్ను పెట్టిన ప్రయోజనమే పోతుంది.

తాగడం అయ్యాక కూడా దూడకు చప్పరించే యావ తీరదు. పక్కన ఇంకో దూడ ఉంటే చెవులు, బొడ్డు పట్టుకుని చప్పరిస్తుంది. బొడ్డుకు చీము పట్టేది ఇలాగే. తాగిన తర్వాత పావుగంట విడివిడిగా కట్టి, నోట్లో పిడికెడు పొడి దాణా పెడితే మరిచిపోతుంది.

కలపడం

ఇది చిన్న పనే అనిపిస్తుంది. తేడాలన్నీ ఇక్కడే వస్తాయి.

పొడి తూచాలి. గ్లాసుతో కొలిస్తే ఒకరోజు నొక్కి పోస్తాం, ఒకరోజు వదులుగా పోస్తాం. వంటింటి డిజిటల్ త్రాసు పాకలోకి వచ్చేసింది. బస్తా మీద రాసింది లీటరుకు 125 గ్రాములు. లీటరు నీళ్లలో 125 గ్రాములు వేయడం కాదు. సగం నీళ్లలో పొడి కలిపి, ఆ తర్వాత మొత్తం లీటరయ్యేలా నీళ్లు చేర్చాలి. రెంటికీ చిక్కదనంలో తేడా వస్తుంది.

నీళ్లు 45 నుంచి 50 డిగ్రీలు. చల్లగా ఉంటే కొవ్వు కలవక పైన తెట్టు కడుతుంది, మరిగే నీళ్లు పోస్తే ప్రొటీన్ విరిగి పలుకులవుతుంది. దూడ నోటికి వచ్చేసరికి 39 డిగ్రీలుండాలి, అంటే దాని ఒంటి వేడి అంత. మా అత్తయ్య మోచెయ్యి ముంచి చూస్తుంది. నేను థర్మామీటర్ పెట్టి చూస్తాను. ఆవిడ మోచెయ్యి ఒకటి రెండు డిగ్రీలకు మించి తప్పిన రోజు లేదు.

పాల నుంచి పొడికి ఒక్కసారిగా మారలేదు. పావు వంతు పొడి పాలతో మొదలుపెట్టి సగం, ముప్పావు, పూర్తిగా అంటూ రెండేసి రోజులకొక మెట్టు. పూటలు తప్పకుండా ఉదయం ఆరు, సాయంత్రం ఐదు.

పక్క పాక పెద్దాయన ఒక సలహా ఇచ్చారు: "అనకాపల్లి బెల్లం ఓ ముక్క కలుపు, దూడ ఎగబడి తాగుతుంది." ఎగబడి తాగుతుంది, మర్నాడు పారుతుంది కూడా. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్, దాన్ని దూడ అరిగించుకుంటుంది. చెరకు చక్కెరను అరిగించే ఎంజైమ్ దూడ పేగులో లేదు. అరగని తీపి కింది పేగుకు చేరి నీళ్లను లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులకు విందవుతుంది. పిండి గంజి కథా దాదాపు అంతే, పాలు తాగే వయసులో పిండి పదార్థం చాలా కొద్దిగానే అరుగుతుంది. పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు. "సరే బాబాయ్" అన్నాను.

సెప్టెంబరు: వీపు ఎముక తేలింది

పూర్తిగా పొడి మీదకు వచ్చాక పెయ్య చురుగ్గానే ఉంది, పేడ బాగుంది. కానీ వీపు ఎముక కాస్త తేలినట్టుంది. అత్తయ్య ఏమీ అనలేదు. పెయ్య వీపు మీద చెయ్యి వేసి నా వైపు చూసింది, అంతే.

టేపుతో కొలిచాను. ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో, దాన్ని దానితోనే గుణించి, ఒంటి పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. మొదటి వారంలో ఛాతీ 30, పొడవు 24, అంటే 33 కిలోలకు కాస్త తక్కువ. పొడి మొదలయ్యాక పెరుగుదల మందగించింది.

కారణం లెక్కలోనే ఉంది. గేదె పాలలో వెన్న 7 శాతం, అంటే లీటరుకు 70 గ్రాములు. మా పొడిలో కొవ్వు 16 శాతం. 125 గ్రాముల పొడిలో 20 గ్రాముల కొవ్వు. తల్లి లీటరుకు డెబ్బై ఇస్తే డబ్బా ఇరవై ఇస్తోంది. మొత్తం ఘనపదార్థాలు చూసినా గేదె పాలలో 16, 17 శాతం ఉంటే మా కలయికలో పన్నెండున్నర. బస్తా మీద రాసే కొలత ఆవు దూడను మనసులో పెట్టుకుని రాసింది. ఆవు పాల ఘనపదార్థాలు పన్నెండు, పదమూడు శాతమే కాబట్టి అక్కడ సరిపోతుంది.

లీటరుకు 150 గ్రాములకు పెంచాను, మెల్లిగా. అంతకు మించి చిక్కగా చేస్తే మళ్లీ పారుడు భయం. చిక్కగా ఇస్తే పక్కన నీళ్లు తప్పనిసరిగా ఉండాలి. పాలు తాగుతోంది కదా నీళ్లెందుకు అంటారు చాలామంది. పాలు నాలుగో పొట్టలోకి వెళ్తాయి, నీళ్లు మొదటి పొట్టలోకి వెళ్తాయి. ఆ పొట్ట ఎదగాలంటే అందులో దాణా పడాలి, నీళ్లు పడాలి, రెండూ కలిసి పులవాలి.

పొడి ఎంత చిక్కగా కలిపినా గేదె పాలకు సమానం కాదు. ఆ లోటు దాణాతోనే తీరాలి. మొదట నేను ఈ ప్రాజెక్టును పొడి గురించి అనుకున్నాను. సెప్టెంబరు నుంచి ఇది దాణా ప్రాజెక్టు అయింది.

పెద్దగేదె ఒప్పుకోలేదు

ఇదే నెలలో పెద్దగేదె ఈనింది. దున్న దూడ. దీనికి ఇంతకుముందు ఈతలన్నీ దూడ కుడిస్తేనే చేపు వచ్చేది, అంటే పొదుగులోంచి పాలు దిగేవి. దూడను వేరు చేసి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, తొట్టిలో దాణా పోసి, అరగంట చనుకట్లు నిమిరినా చేపలేదు. పొదుగు రాయిలా ఉంది, పాలు కింద పడవు. గౌరికి ఇలా జరగలేదు, దాణా తొట్టి చప్పుడుకే చేపుతోంది.

ఇంజక్షన్ వేసెయ్యమని సలహా ఇవ్వని మనిషి లేడు. ఆక్సిటోసిన్‌ను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. పాల కోసం పశువుకు హాని చేసే ఇంజక్షన్లు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, రోజూ సూది పడిన గేదె సూది లేకపోతే చేపడం మానేస్తుంది. ఆ దారి మాకొద్దు.

రాజీ ఇది: దూడను ఒక నిమిషం వదిలి, నాలుగు చన్నులూ ఒకసారి నోట పెట్టనిచ్చి, చేపు రాగానే పక్కన తల్లికి కనబడేలా కట్టడం. ఆ నిమిషంలో అది తాగే పాలు పోను మిగతాది పొడితో. రోజుకు రెండు లీటర్ల పొడి పాలు పడుతున్నాయి. పూర్తి ఆదా లేదు, కానీ గేదె ప్రశాంతంగా ఉంది. సెప్టెంబరు ఆఖర్లో ఈనిన మూడోదానికీ ఇదే పద్ధతి పెట్టాం.

నట్టల మందు విషయం ఇక్కడే రాసి పెడతాను. గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి. పొడి మీద పెరుగుతోంది కదా అనుకుంటే కుదరదు, మొదటి రోజుల్లో తాగిన పాలతోనే వచ్చేసి ఉంటాయి. పేడ బంకమట్టి రంగులో, పుల్లటి కంపుతో ఉంటే అనుమానించాలి. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు చెప్పినట్టు రెండో వారంలోనే పైపెరజిన్ తాగించాం, ఆ తర్వాత నెలకోసారి.

అక్టోబరు: వాన, దసరా

తుపాను కాలం. 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పాక పైకప్పు గోస్తని నది వైపు ఎగిరిపోయింది. అప్పటి నుంచి ఈ నెలలో గాలి కాస్త గట్టిగా వీస్తే ఇంట్లో అందరికీ టెన్షనే. ఈ ఏడాది వట్టి వానే, కానీ వదలని వాన. నేల ఆరలేదు, వరి గడ్డి పరిచినా పూటకే తడిసిపోయింది. దున్న దూడకు పారుడు పట్టుకుంది. తెల్లగా, నీళ్లలా.

1962కు ఫోన్ చేస్తే సంచార పశు ఆరోగ్య వాహనం వచ్చింది. మెడ చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు, కళ్లు కాస్త లోపలికి పోయాయి. డాక్టరమ్మ చెప్పింది రెండు మాటలు. ఒకటి, పాలు ఆపొద్దు. పారుతుంటే పాలు మానిపించడం మన దగ్గర ఆనవాయితీ. అలా చేస్తే పారుడుతో పాటు పస్తు కూడా తోడై దూడ మరింత త్వరగా నీరసిస్తుంది. రెండు, లవణాల ద్రావణం పాలతో కలపకుండా మధ్యలో, కనీసం రెండు గంటల ఎడంతో విడిగా పట్టాలి. కలిపి పడితే పాలు పొట్టలో పెరుగులా పేరుకోవడం దెబ్బతింటుంది. పూటకు పాలు తగ్గించి, పూటలు పెంచి, మధ్యమధ్యలో ద్రావణం పట్టాం. అడుగున ఎత్తుగా చెక్కలు వేసి, వాటి మీద పొడి గడ్డి పరిచాం. దూడ తేరుకుంది. అసలు గుణం మందుదా పొడి నేలదా అంటే నేను నేలనే అంటాను.

దసరాకు అపార్ట్‌మెంట్లు సగం ఖాళీ. పాలు మిగిలాయి, కేంద్రానికి పోస్తే అపార్ట్‌మెంట్ల రేటు రాదు. ఎలాగూ మిగిలాయి కదా, ఈ వారం దూడలకు అసలు పాలే పట్టేద్దాం అని మా ఆయన. నేను వద్దన్నాను. ఈ వారం పాలు, వచ్చే వారం పొడి అని తిప్పితే ప్రతి మార్పుకూ పొట్ట చెడే అవకాశం. మిగిలిన పాలు పెరుగు తోడుపెట్టి, నెయ్యి తీశాం. పండగ కదా, నెయ్యి అమ్ముడుపోయింది.

దాణా

గౌరి పెయ్యకు రెండో వారం నుంచే చిన్న గిన్నెలో దాణా పెడుతున్నాం. మొక్కజొన్న రవ్వ 50 పాళ్లు, సోయా చెక్క 30, గోధుమ పొట్టు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. ప్రొటీన్ 20 శాతం దగ్గర వస్తుంది. పెద్ద పశువుల దాణా తీసి దూడలకు పెట్టకూడదు. అందులో యూరియా ఉండొచ్చు, దాన్ని వాడుకునే పొట్ట దూడకు ఇంకా తయారు కాలేదు.

మొదటి రోజుల్లో తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. పాలు తాగిన వెంటనే తడి మూతికి కాస్త అంటించడం, మిగిలిన దాణా సాయంత్రానికి తీసి పెద్దవాటికి వేసి తాజాది పెట్టడం, ఈ రెంటితోనే రుచి పట్టింది. బాగా తినడం మొదలయ్యాక పొడి పాలు సాయంత్రం పూట తగ్గించుకుంటూ వచ్చాం. పచ్చిగడ్డి లేతది కాస్త మాత్రమే. గడ్డి పొట్టను సాగదీస్తుంది గానీ లోపలి పొరను ఎదగనిచ్చేది గింజ పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలే. గడ్డి తిని పొట్ట ఉబ్బి, వీపు ఎండిన దూడలను "బాగా మేస్తోంది" అని చూపించేవాళ్లు మా ఊళ్లో చాలామంది.

అక్టోబరు ఆఖరుకు పెయ్య వరసగా కొన్ని రోజులు కిలో దాణా తినేసరికి పాలు పూర్తిగా ఆపేశాం. ఛాతీ 36, పొడవు 29. లెక్క కడితే 57 కిలోలు. రోజుకు నాలుగొందల గ్రాముల దగ్గర పెరిగినట్టు. అత్తయ్య మళ్లీ వీపు మీద చెయ్యి వేసి చూసింది. "పర్లేదు" అంది. ఆవిడ నోట అది పెద్ద సర్టిఫికెట్టే.

నవంబరు: డబ్బు

గౌరి పెయ్యకు దాదాపు ఒక బస్తా పట్టింది. లీటరుకు 150 గ్రాముల చొప్పున 166 లీటర్లు. అన్ని గేదె పాలు అమ్మితే ₹13,280. బస్తా ₹5,750 తీసేస్తే ₹7,530 మిగులు. ఇందులోంచి దాణా, కట్టెలు పోవాలి. ఇవి పోయినా మిగులే. అదీ గాక దాణా పట్టుకోవడం వల్ల మూడో నెలలో చాలా రోజులు పాలు అక్కర్లేకపోయాయి. రోజుకు మూడు లీటర్లు అనుకుంటే అవన్నీ మిగిలిన లీటర్లే. పొడి వల్ల లీటరుకు నలభై, యాభై మిగిలింది. దాణా వల్ల లీటరుకు లీటరే మిగిలింది.

ఇదే లెక్క ఆవు దూడకు వేస్తే వేరుగా ఉంటుంది. 125 గ్రాముల చొప్పున ఒక బస్తాకు 200 లీటర్లు, కేంద్రం రేటులో ₹7,600. మిగులు ₹1,850. చిక్కగా 150 చొప్పున కలిపితే ఐదొందల చిల్లర. రోజూ రెండు పూటలా నీళ్లు కాచడం, తూచడం, కలపడం, బకెట్లు, రబ్బరు చన్నులు వేడినీళ్లతో కడగడం, ఇవన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. ఆ చాకిరీ పుస్తకంలో ఏ గడిలోనూ లేదు. మా ఆయన్ని గడి గీయమన్నాను, గంటకు ఎంత వెయ్యమంటావ్ అన్నారు. ఉపాధి హామీ కూలి రేటు వెయ్యమన్నాను. వేస్తే ఆవు దూడ లెక్క నష్టంలోకి పోయింది, గేదె దూడది నిలబడింది.

డిసెంబరులో జెర్సీ ఈనుతుంది. దాని దూడకు పొడి తేవడం లేదు. తల్లి పాలే పిండి బకెట్‌లో పట్టి, రెండో వారం నుంచి దాణా, నీళ్లు పెట్టి, కిలో తినేసరికి మానిపిస్తాం. పొదుగువాపుకు మందు వాడుతున్న రోజుల పాలు మాత్రం దూడకు కూడా పట్టం, పారబోస్తాం. ఎటూ పారబోసేదే కదా అని దూడలకు పోసే అలవాటు కొన్ని పాకల్లో ఉంది. మందు అంశ ఉన్న పాలు తాగిన దూడ పేగుల్లో ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు మిగులుతాయి.

దున్న దూడ ఇంకా పొడి, దాణా రెండింటి మీదా ఉంది. రెండో బస్తా సగానికి వచ్చింది. దాణా గిన్నె దగ్గరకు పెయ్యను రానివ్వడం లేదు, పొడుస్తోంది. రేపు మధ్యలో వెదురు అడ్డం కట్టాలి.